స్ప్రే కాంక్రీటుతో ఈతకొలను: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈతకొలను కట్టించాలనుకునేవారు మొదట ఆకారం గురించి మాట్లాడతారు, ఆ తర్వాత టైల్స్ రంగు గురించి. నేలలో దాగిపోయే గోడను దేనితో కడతారని అడిగే సమయానికి గొయ్యి తవ్వడం కూడా అయిపోయి ఉంటుంది. కాంక్రీటు పనుల పర్యవేక్షణలో ఉన్నవాడిగా నన్ను యజమానులు పదేపదే అడిగిన ప్రశ్నలివి. జవాబుల్లో నా పక్షపాతం కూడా కనబడుతుంది, ముందే చెప్పేస్తాను: ఈ పద్ధతిలో సరుకును ఎంచుకోవడం సగం పనే. నాజిల్, అంటే కాంక్రీటును చిమ్మే గొట్టం మూతి, పట్టుకునే మనిషిని ఎంచుకోవడం మిగతా సగం.

స్ప్రే కాంక్రీటు అంటే అసలు ఏమిటి?

సిమెంటు, ఇసుక, కొన్నిసార్లు సన్న కంకర, నీళ్లు. సరుకులో వింతేమీ లేదు. వింతంతా దాన్ని గోడకు చేర్చే తీరులో ఉంది. మామూలు కాంక్రీటును సెంట్రింగ్ పలకల మధ్య పోసి, వైబ్రేటర్ పెట్టి కుదిస్తారు. ఇక్కడ మిశ్రమాన్ని గొట్టం గుండా పంపి, గాలి ఒత్తిడితో గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో గొయ్యి గోడల మీదికి కొడతారు. వైబ్రేటర్ చేయాల్సిన పనిని ఆ దెబ్బే చేస్తుంది. ఒక పొర మీద మరో పొర గుద్దుకుని, మధ్యలోని గాలి బయటికి పోయి, ముద్ద గట్టిపడుతుంది.

తవ్విన మట్టే ఒక వైపు అచ్చు. నీళ్లుండే వైపు అచ్చే అక్కర్లేదు. అందుకే వంపుల గోడలు, మెట్లు, నీళ్లలో కూర్చునే అరుగు, లోతు మారుతూ పోయే నేల అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. ఇదే ఈ పద్ధతికి ఉన్న అసలు బలం.

గన్నైట్, షాట్‌క్రీట్ రెండూ ఒకటేనా?

ఇద్దరు గుత్తేదారులను అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఈ మాటలకు చిన్న చరిత్ర ఉంది. కార్ల్ ఏక్లీ అనే ఆయన చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసేవారు. చనిపోయిన జంతువులను ప్రాణంతో ఉన్నట్టే తీర్చిదిద్ది నిలబెట్టడం ఆయన వృత్తి. ఆ మ్యూజియం భవనం గోడల పూత రాలిపోతుంటే, దాన్ని బాగుచేయడానికి 1907లో గాలి ఒత్తిడితో పూత చిమ్మే యంత్రం ఒకటి తయారుచేశారు. 1911లో దానికి పేటెంటు వచ్చింది. ఆ యంత్రం పేరు సిమెంట్ గన్. దాన్ని అమ్మిన సంస్థ, అందులోంచి వచ్చే సరుకుకు పెట్టుకున్న వ్యాపార నామం గన్నైట్. షాట్‌క్రీట్ అన్న మాటను 1930లలో అమెరికా రైల్వే ఇంజనీర్ల సంఘం వాడుకలోకి తెచ్చింది, ఎవరి వ్యాపార నామమూ కాని మాట కావాలని.

ఇప్పుడు సాంకేతిక పత్రాల్లో చిమ్మే కాంక్రీటు ఏదైనా షాట్‌క్రీటే. కొలనుల పనివాళ్ల నోట్లో మాత్రం పొడిగా పంపేది గన్నైట్, తడిగా పంపేది షాట్‌క్రీట్. మీరు మాట్లాడే మనిషి ఏ అర్థంలో అంటున్నాడో అడిగి తెలుసుకోండి, చాలు.

పొడి పద్ధతి మంచిదా, తడి పద్ధతి మంచిదా?

పొడి పద్ధతిలో సిమెంటు, ఇసుక పొడిపొడిగానే గొట్టంలో ప్రయాణిస్తాయి. నీళ్లు నాజిల్ దగ్గరే కలుస్తాయి. ఎంత కలపాలో నాజిల్ పట్టుకున్న మనిషే, చేతిలోని వాల్వు తిప్పుతూ నిర్ణయిస్తాడు. గోడ మీది ముద్ద తళతళలాడుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని, దుమ్ము లేస్తుంటే తక్కువయ్యాయని కంటితో చూసి సర్దుకుంటాడు. ఎప్పుడైనా ఆపవచ్చు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. చుట్టుముట్టు తిరిగే వంపులకు, ఆగి ఆగి చేసే పనికి, బాగుచేతలకు ఇది అనువు.

తడి పద్ధతి 1950లలో వచ్చింది. ప్లాంటులోనే నీళ్లతో సహా కలిపిన కాంక్రీటును పంపుతో నాజిల్ దాకా తోస్తారు, అక్కడ గాలి తోడై వేగం ఇస్తుంది. నీళ్ల పాలు ప్లాంటులోనే ఖరారైపోతుంది కాబట్టి ఆ ఒక్క తప్పుకు అవకాశం తగ్గుతుంది. పని వేగంగా సాగుతుంది, దుమ్ము తక్కువ, వృథా తక్కువ. మిశ్రమంలో 10 మిల్లీమీటర్ల లోపు కంకర ఉంటుంది కాబట్టి, ఇసుక సిమెంటుతో మాత్రమే చేసినదానికంటే ఆరేటప్పుడు కుంచించుకుపోవడం కూడా తక్కువే. దీని ఇబ్బందల్లా గడియారం. లారీ వచ్చాక కాంక్రీటు ఎవరి కోసమూ ఆగదు. ఆలస్యమైతే ముద్ద బిగుసుకోవడం మొదలవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు లారీలోకి నీళ్ల పైపు పెడతారు. ఆ క్షణంలో ప్లాంటులో వేసిన లెక్కంతా గంగలో కలిసినట్టే.

రెండింటితోనూ మంచి కొలనులు వస్తాయి. నా సలహా, మీ దగ్గరి బృందం ఏ పద్ధతిలో ఏళ్ల తరబడి పనిచేస్తోందో దాన్నే చేయనివ్వండి. మీ కోసం వాళ్లు తొలిసారి పద్ధతి మార్చడం మీకే మంచిది కాదు.

ఫైబర్‌గ్లాస్, వినైల్ కొలనులు ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకోవాలి?

కొందరు ఎంచుకోకూడదు కూడా. ఫైబర్‌గ్లాస్ కొలను ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వస్తుంది. గొయ్యి సిద్ధంగా ఉంటే కొద్ది రోజుల్లోనే నీళ్లలో దిగవచ్చు. లోపలి తలం నున్నగా ఉంటుంది, పాచి అంత సులువుగా పట్టదు. అయితే ఆకారాలు ఆ ఫ్యాక్టరీ అచ్చుల్లో ఉన్నవే. వెడల్పు రోడ్డు మీద లారీ మోయగలిగినంతే, సుమారు 5 మీటర్ల లోపు. వినైల్ కొలనులో గోడల లోపల ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. మొదటి ఖర్చు సాధారణంగా తక్కువ. ఆ పట్టాను సుమారు పదేళ్లకొకసారి మార్చాలి, పదునైన వస్తువులకు, పెంపుడు కుక్కల గోళ్లకు దూరంగా ఉంచాలి.

మీకు కావలసింది దీర్ఘచతురస్రపు చిన్న కొలను, తొందరగా కావాలి, నిర్వహణ తక్కువగా ఉండాలి అంటే, స్ప్రే కాంక్రీటు జోలికి వెళ్లనవసరం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

స్థలం వంకరగా ఉన్నా, లోతు ఎక్కువ కావాలన్నా, అంచు మీదుగా నీళ్లు పొర్లే కొలను కావాలన్నా, లారీ గానీ క్రేను గానీ రాలేని పెరట్లో కట్టాలన్నా అప్పుడు దీనికి సాటి లేదు. గొట్టం సందుల్లోంచి కూడా వెళుతుంది. పంపు వీధిలో ఉంటే చాలు.

సెంట్రింగ్ కొట్టి పోసిన కాంక్రీటు ఇంతకంటే గట్టిది కాదా?

కాదు. సరిగ్గా కొట్టిన స్ప్రే కాంక్రీటు పోసిన కాంక్రీటుకు బలంలో ఏమాత్రం తీసిపోదు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి ప్రధాన భవన నియమావళి 2019 కూర్పులో షాట్‌క్రీట్‌కు నేరుగా నిబంధనలు చేర్చింది. నీళ్లు తక్కువగా ఉన్న మిశ్రమం కావడం దీనికి కలిసొచ్చే అంశం. నీళ్లు, సిమెంటు నిష్పత్తి సాధారణంగా 0.45కు మించదు. పైగా పోసిన గోడకు, నేలకు మధ్య తప్పనిసరిగా ఒక అతుకు ఉంటుంది. నీళ్లు కారేది ఎక్కువగా అక్కడే.

గోడ మందం, ఇనుప చువ్వలు ఎంత ఉండాలి?

ఇది మట్టిని, లోతును బట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాల్సిన విషయం. ఇళ్ల కొలనుల్లో సాధారణంగా కనిపించేది చెబుతాను: గోడలు, నేల 150 నుంచి 200 మిల్లీమీటర్లు. పై అంచున చుట్టూ తిరిగే దూలం 250 నుంచి 300. చువ్వలు 10 లేదా 12 మిల్లీమీటర్లవి, 150 నుంచి 300 మిల్లీమీటర్ల ఎడంతో అడ్డంగా, నిలువుగా. మట్టి వైపు చువ్వకూ మట్టికీ మధ్య 75 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండటం మంచి అలవాటు.

తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే నల్లరేగడి లాంటి నేలైతే ఈ అంకెలు వదిలేయండి. మట్టి పరీక్ష చేయించకుండా ఆ నేలలో కొలను కట్టడమంటే గోడను పందెంలో పెట్టడమే.

కాంక్రీటు కొట్టే ముందు రోజు నేనేం చూడాలి?

ఈ ఒక్క రోజు మాత్రం సెలవు పెట్టుకునైనా వెళ్లండి. మర్నాటికి ఇవన్నీ కనబడకుండా పోతాయి.

చువ్వల అల్లికను చేత్తో పట్టుకుని ఊపి చూడండి. కదలకూడదు. కదిలే చువ్వ, కాంక్రీటు తగిలినప్పుడు గిటారు తీగలా వణుకుతుంది. ఆ వణుకుకు దాని చుట్టూ సన్నటి ఖాళీ ఏర్పడుతుంది. అల్లిక మట్టికి ఆనకుండా కింద కవర్ బ్లాకులు ఉన్నాయా చూడండి. ఇటుక ముక్కలు పెట్టి ఉంటే తీయించేయండి, ఇటుక నీళ్లు పీల్చి చువ్వకు అందిస్తుంది.

రెండు మూడు చువ్వలు ఒకచోట గుత్తిగా కట్టి ఉంటే విడదీయించండి. నాజిల్ లోంచి వచ్చే కాంక్రీటు ఎండ లాంటిది, తిన్నగా వస్తుంది. చువ్వల గుత్తి వెనుక నీడ పడుతుంది, ఆ నీడలో కాంక్రీటు నిండదు.

గోడల మీద సన్నటి తీగలు లాగి కట్టి ఉండాలి. కాంక్రీటు ఎంత మందం రావాలో ఆ తీగలే చెబుతాయి. తీగలు లేని చోట మందం పనివాడి అంచనా మీద ఉన్నట్టే. చువ్వలన్నీ విద్యుత్ భద్రత కోసం రాగి తీగతో కలిపి ఉన్నాయా అని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కాంక్రీటు పడ్డాక ఆ పని చేయడం దాదాపు అసాధ్యం.

ఇక పైపులు. వాటిలో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, గేజి బిగించి ఉండాలి. ఆ ఒత్తిడి కాంక్రీటు కొట్టేటప్పుడు కూడా అలాగే ఉండాలి. ఒక పనిలో నాజిల్ మనిషి పొరపాటున స్కిమ్మర్ (నీటిపై తేలే చెత్తను లాగే నోరు) పక్కనున్న మోచేతి పైపును బలంగా కొట్టాడు. ఎవరూ చూడలేదు, గేజి ముల్లు మాత్రం మెల్లగా దిగడం మొదలుపెట్టింది. పని ఆపి, తడి కాంక్రీటును పారతో తీసి, పైపు అతికించడానికి పట్టింది ముప్పావు గంట. గేజి లేకపోయి ఉంటే ఆ పగులు నీళ్లు నింపాక గానీ బయటపడేది కాదు.

కాంక్రీటు కొట్టేటప్పుడు మంచి పని ఎలా గుర్తుపట్టాలి?

నాజిల్ గోడకు లంబంగా, ఒకటి నుంచి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. చేయి చిన్న చిన్న సున్నాలు చుడుతూ కదలాలి. ఏటవాలుగా కొడుతుంటే సరుకు సగం జారిపోతుంది, మిగిలింది అలలు అలలుగా పేరుకుంటుంది. చువ్వ ముందువైపు చూడండి. వేగం, నీళ్లు సరిగ్గా ఉంటే ముద్ద చువ్వను చుట్టుకుని వెనక్కి పారుతుంది, ముందువైపు శుభ్రంగా తడితడిగా మెరుస్తుంది. చువ్వ ముందు ముద్ద గడ్డకట్టి పేరుకుంటోందంటే వెనుక ఖాళీ మిగిలిందని అర్థం.

నాజిల్ మనిషి పక్కనే మరొకడు, ఉత్త గాలి వచ్చే సన్నటి గొట్టం పట్టుకుని నడుస్తూ ఉండాలి. మూలల్లోకి పడిన వదులు సరుకును ముందుగా ఊదేయడం అతని పని. చూసేవాళ్లకు ఊరికే తిరుగుతున్నట్టుంటాడు. గుత్తేదారు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ముందుగా పోయేది ఆ మనిషే. పని చెడేదీ అక్కడే.

కింద పడిన కాంక్రీటును మెట్లకు, అరుగుకు వాడుతున్నారు. పర్వాలేదా?

అస్సలు వాడనివ్వకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

గోడకు తగిలి వెనక్కి ఎగిరిపడేదాన్ని రీబౌండ్ అంటారు. పొడి పద్ధతిలో గోడకు కొట్టినదాంట్లో 15 నుంచి 30 శాతం దాకా ఇలా రాలుతుంది, తడి పద్ధతిలో 10 శాతం అటూఇటూ. రాలేది ఎక్కువగా కంకర, ముతక ఇసుక. సిమెంటు గోడకే అంటుకుని ఉండిపోతుంది. అంటే కింద కుప్పగా పడినది చూడటానికి కాంక్రీటులా ఉన్నా, అందులో బంధించే సరుకు లేదు. ఆరాక చేత్తో నలిపితే రవ్వలా రాలుతుంది.

దాన్ని బయట పారబోయడానికి మనుషులు కావాలి, బండి కావాలి. మెట్లు, అరుగులు చూస్తే బొద్దుగా, లోపల బోలెడు చోటుతో ఉంటాయి. పారతో రెండు తోపులు తోసి, పైన రెండు అంగుళాలు మంచి కాంక్రీటు కొట్టి, తాపీతో నున్నగా చేస్తే ఎవరికీ తెలియదు. పైన పటారం, లోన లొటారం. రెండు మూడేళ్లకు మెట్టు అంచు దగ్గర గీత వస్తుంది, తట్టి చూస్తే డొల్ల చప్పుడు. అప్పుడు మెట్టంతా పగలగొట్టాల్సిందే.

కాబట్టి ఒప్పందంలోనే రాయించండి: రీబౌండ్, గోడ చెక్కగా వచ్చిన పెచ్చులు కొలనులో ఎక్కడా వాడకూడదు, ఆ రోజే బయటికి తరలించాలి. రాయడానికి వెనకాడే గుత్తేదారు మీకు అవసరమైన సమాచారం ముందుగానే ఇచ్చేసినట్టు.

కొలను మొత్తం ఒకే రోజులో పూర్తి కాకపోతే?

పర్వాలేదు. అతుకు దగ్గర అంచును ఏటవాలుగా వదిలి, గరుకుగా గీసి, మర్నాడు నీళ్లతో గట్టిగా కడిగి, పైకి తడి లేకుండా లోపల చెమ్మ ఉండేలా చేసి మళ్లీ కొట్టాలి. వేగంగా వచ్చి తగిలే పేస్టు గరుకు తలంలోకి చొచ్చుకుని బాగా పట్టుకుంటుంది. జిగురు మందులు పూయనక్కర్లేదు. దుమ్ము మీదే కొట్టేస్తే మాత్రం ఆ అతుకు ఎప్పటికీ అతకదు.

వాన పడితే? ఎండ మండిపోతుంటే?

చినుకులకు భయపడక్కర్లేదు. పారే వాన తడి గోడ మీది సిమెంటును కడిగేస్తుంది, అప్పుడు ఆపి పట్టాలు కప్పాలి. అసలు శత్రువులు ఎండ, గాలి. రెండూ కలిస్తే పైపొర గంటల్లోనే ఆరి, వెంట్రుక మందం గీతలు పడతాయి. తెల్లవారుజామున మొదలుపెట్టడం, మట్టిని ముందే తడపడం, పూర్తయిన భాగాన్ని వెంటనే కప్పడం తప్ప దీనికి మందు లేదు. గడ్డకట్టే చలిలోనూ, గడ్డకట్టిన మట్టి మీదా కొట్టకూడదు.

క్యూరింగ్ ఎన్నాళ్లు?

కనీసం 7 రోజులు, ఎడతెరిపి లేకుండా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో కొట్టి వదిలేస్తే అది క్యూరింగ్ కాదు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం కాంక్రీటుకు మేలు కంటే కీడే చేస్తుంది. తోటలకు వాడే స్ప్రింక్లర్లు పెట్టండి, లేదా తడి గోనెపట్టాలు కప్పి ఉంచండి. చాలాచోట్ల ఈ బాధ్యత యజమాని మీదే పడుతుంది, ఎందుకంటే బృందం అప్పటికే మరో పనికి వెళ్లిపోయి ఉంటుంది. నిజానికి ఈ వారంలో మీ చేతిలోని నీళ్ల గొట్టం, ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్న నాజిల్‌తో సమానం.

దీని గుండా నీళ్లు కారవా? ప్లాస్టరే కదా నీళ్లను ఆపేది?

ఇది చాలామందిలో ఉన్న అపోహ. ప్లాస్టర్ అందానికి, కాలికి నున్నగా తగలడానికి. నీళ్లను ఆపాల్సింది కాంక్రీటు గోడే. బాగా కుదురుకున్న గోడ ప్లాస్టర్ లేకుండానే నీళ్లను నిలబెట్టాలి. వీలుంటే ప్లాస్టర్‌కు ముందే నింపి చూడమని అడగండి. చెమ్మ మచ్చలు కనబడితే ఆ దశలో బాగుచేయడం తేలిక.

కారడం మొదలైన కొలనుల్లో కూడా చాలావరకు దోషం గోడది కాదు. పైపులు, దీపపు గూళ్లు, స్కిమ్మర్ నోరు కాంక్రీటును కలిసే చోట్లు ముందుగా అనుమానించాలి. నీళ్లు కారుతున్నాయా, ఆవిరవుతున్నాయా అన్నది తేల్చడానికి బకెట్ చాలు. కొలను మెట్టు మీద బకెట్ పెట్టి, లోపలి నీటి మట్టాన్ని కొలను మట్టంతో సమానం చేసి, రెండుచోట్లా గుర్తు పెట్టండి. పంపు ఆపి ఒక రోజు వదిలేయండి. బకెట్లో కంటే కొలనులో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే.

పగుళ్లు వస్తే కొలను పాడైనట్టా?

ప్లాస్టర్ మీద సాలెగూడు లాంటి సన్నగీతలు అందానికి లోపం, అంతే. గోడలోంచి సాగి, రెండు వైపులా ఎత్తు తేడా వచ్చిన పగులు అయితే నేల కదులుతోందన్న మాట. అప్పుడు పగులు పూడ్చి లాభం లేదు, కదలికకు కారణం వెతకాలి. చువ్వ తుప్పు పట్టి ఎర్రమచ్చ తేలితే అక్కడ కాంక్రీటు కప్పు చాలలేదని తెలుసుకోండి.

బలం సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

28 రోజులకు 28 మెగాపాస్కల్, అంటే చదరపు అంగుళానికి సుమారు 4,000 పౌండ్లు. కొలనులకు అమెరికన్ షాట్‌క్రీట్ అసోసియేషన్ చెప్పే కనీస బలం ఇది. మామూలు కాంక్రీటుకు చేసినట్టు అచ్చుల్లోకి కొట్టి పరీక్షించడం ఇక్కడ కుదరదు, రీబౌండ్ అచ్చులోనే చిక్కుకుపోయి లెక్క తప్పుతుంది. పని రోజునే ఒక చెక్క పళ్లెంలోకి అదే నాజిల్‌తో, అదే కోణంలో కొట్టించి, గట్టిపడ్డాక దాంట్లోంచి గుండ్రటి కోర్లు కోసి పరీక్షకు పంపాలి. చిన్న ఇంటి కొలనుకు ఇంత అవసరమా అంటారు. ఆ పళ్లెం ఉందని తెలిస్తేనే పనిలో శ్రద్ధ వేరుగా ఉంటుందని నా అనుభవం.

ఖాళీ కొలను నేలలోంచి పైకి తేలుతుందట, నిజమేనా?

నిజమే. పెద్ద కాంక్రీటు ముద్ద తేలడమేమిటని నవ్వేవాళ్ల కోసం లెక్క వేద్దాం. లోపల 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు, గోడలూ నేలా 20 సెంటీమీటర్ల మందం అనుకోండి. బయటి కొలతల ప్రకారం ఘనపరిమాణం సుమారు 63 ఘనమీటర్లు. అందులో 48 లోపలి ఖాళీ, మిగిలిన 15 కాంక్రీటు. ఘనమీటరుకు 2.4 టన్నుల చొప్పున ఆ కాంక్రీటు బరువు 36 టన్నులు. చుట్టూ భూగర్భజలం అంచు దాకా ఎక్కితే నీళ్లు దాన్ని పైకి తోసే బలం 63 టన్నులు. అంత దాకా కూడా అక్కర్లేదు, చుట్టూ మట్టి పట్టును పక్కన పెడితే, అడుగు నుంచి సుమారు మీటరు ఎత్తు నీళ్లు చేరితేనే తక్కెడ సమానమవుతుంది. నిండు కొలనులో మాత్రం 48 టన్నుల నీళ్లు కూడా తోడై మొత్తం 84 టన్నులు. అది కదలదు.

అందుకే అడుగున ఒత్తిడి వదిలే కవాటం పెట్టాలి. బయటి నీటి ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని ఆ నీళ్లను కొలనులోకి వదిలేస్తుంది. కొలను మురికిగా ఉన్నా పర్వాలేదు, గోడ మిగులుతుంది. అడుగు కింద కంకర పొర, నీళ్లు తోడే గొట్టం కూడా ఉంటే మరీ మంచిది. వానల కాలంలో, వరద తర్వాత కొలనును ఎట్టి పరిస్థితిలోనూ ఖాళీ చేయకండి.

లోపలి పూత ఏది బాగుంటుంది?

తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపిన ప్లాస్టర్ అన్నింటికంటే చవక, పది పదిహేనేళ్లకు మళ్లీ వేయాలి. చిన్న గులకరాళ్లు కలిపిన పూత అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది, కాలికి కాస్త గరుకు. టైల్స్ దీర్ఘాయువు, ఖర్చూ దానికి తగ్గట్టే. పిల్లలు ఎక్కువగా ఆడే కొలనైతే గులకరాళ్ల పూత మీద ముందు మీ అరికాలు పెట్టి చూసి నిర్ణయించుకోండి.

నీటి రసాయనాల విషయంలో ఇది ఎక్కువ పని పెడుతుందా?

కొంచెం పెడుతుంది. సిమెంటు క్షార గుణం ఉన్నది, కొత్త ప్లాస్టర్ మొదటి నెలంతా నీటి పిహెచ్‌ను పైకి లాగుతూనే ఉంటుంది. ఆ నెలలో తరచూ పరీక్షించి కొద్దికొద్దిగా ఆమ్లం కలపాలి, గోడలను రోజూ బ్రష్‌తో రుద్దాలి, ఉప్పుతో క్లోరిన్ తయారయ్యే యంత్రం ఉంటే ఉప్పు వేయడం నెల పాటు ఆపాలి.

తర్వాత కాలంలో చూడాల్సింది నీళ్లు కాల్షియం కోసం ఆకలిగా ఉన్నాయా లేదా అన్నది. ఆకలి మీదున్న నీళ్లు తమకు కావలసిన కాల్షియాన్ని ప్లాస్టర్ నుంచి తినేస్తాయి, తలం గరుకుబారుతుంది. ఎక్కువైతే తెల్లటి పొలుసుగా పేరుకుంటుంది. 1936లో లాంజిలియర్ అనే ఆచార్యుడు నీటి గొట్టాల కోసం తయారుచేసిన సూచికనే ఇప్పటికీ కొలనులకు వాడుతున్నారు. పిహెచ్, ఉష్ణోగ్రత, కాల్షియం, క్షారత, కరిగిన లవణాలు ఇస్తే అంకె వస్తుంది. సున్నా దగ్గర ఉంటే నిశ్చింత.

మొత్తం పనికి ఎంత కాలం?

కాంక్రీటు కొట్టడం ఒకటి రెండు రోజులు. దానికి ముందూ వెనుకా ఉన్నవన్నీ కలిపితే రెండు మూడు నెలలు. తక్కువ అని చెప్పినవాళ్లు క్యూరింగ్‌ను లెక్కలోంచి తీసేసి ఉంటారు.

గుత్తేదారును ఎంచుకునేటప్పుడు ఏం అడగాలి?

ఫొటోలు అడగకండి, అన్ని కొలనులూ నీలి నీళ్లతో ఫొటోలో బాగానే ఉంటాయి. నాజిల్ పట్టుకునే మనిషి పేరు అడగండి. అతను ఎన్నేళ్లుగా చేస్తున్నాడు, శిక్షణ ధ్రువపత్రం ఉందా, పని రోజున అతనే వస్తాడా అని అడగండి. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ నాజిల్ పనివాళ్లకు పరీక్ష పెట్టి, తడి పొడి పద్ధతులకు వేరువేరుగా ధ్రువపత్రాలు ఇస్తుంది. తర్వాత ఐదేళ్ల క్రితం కట్టిన కొలను ఒకటి చూపించమనండి. వెళ్లినప్పుడు మెట్ల అంచులను వేలి కణుపుతో తట్టండి.

నీళ్లు నింపడంలో కూడా జాగ్రత్తలున్నాయా?

ఒక్కటుంది. కొత్త ప్లాస్టర్ మీద నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. రాత్రి పడుకునే ముందు కొళాయి కట్టేసి పొద్దున మళ్లీ తిప్పితే, రాత్రంతా నీటి అంచు ఆగిన చోట కొలను చుట్టూ ఒక గీత పడుతుంది. అది ఏ బ్రష్‌కూ పోదు. అడుగున అన్నింటికంటే లోతైన చోట గొట్టం చివర గుడ్డ చుట్టి పెట్టండి, ధార ప్లాస్టర్‌ను తవ్వకుండా. నిండే దాకా ఎవరో ఒకరు మేలుకుని చూసుకోవాలి.